పాలమూరు, నల్లగొండ ఊర్ల నుంచి గుండెపోటు కేసు: ముందు ఇంజక్షనా, నేరుగా స్టంటా?

కోయిల్‌సాగర్

అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ, మర్రిగూడ... ఎక్కడ ఎవరికి గుండెపోటు వచ్చినా ఇంట్ల మొదలు వచ్చే మాట "హైదరాబాద్ తీస్కపోదాం పాండ్రి". దారిల ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇయ్యగల దవాఖాన ఉన్నా దాన్ని దాటుకుంట కారు పోతది. ఇంజక్షన్ పాతకాలం వైద్యం, స్టంటే అసలు వైద్యం అని ఊర్లల్ల నాటుకపోయింది. క్యాథ్‌ల్యాబ్‌ల (స్టంటు వేసే గది) పనిచేసేటోళ్లు, 108 వాళ్లు, మందుల షాపోళ్లు ఇక్కడ ఉన్నరు గదా, లెక్కతోని చెప్పండ్రి. మా మామకు గిట్లయింది, మా బాపుకు గట్లయింది అనే కథలు వద్దు. ఎప్పుడు ఏది, ఎందుకు, యాడ తప్పుతది, గంతే.

డిండి వాగు

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. గుండెపోటు రెండు రకాలు. ఈసీజీలో ఎస్‌టీ గీత లేచి కనబడేది ఒకటి: నాళం పూర్తిగా మూసుకుపోయిందన్నమాట. ఎస్‌టీ లేవకుండా రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే పెరిగే పదార్థం) మాత్రమే పెరిగేది రెండోది. గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి రకానికే. రెండో రకంలో దానివల్ల లాభం లేదు, రక్తస్రావం ముప్పు మాత్రం మిగులుతుంది. కాబట్టి "గుండెపోటు వచ్చింది, ఇంజక్షన్ చెయ్యండి" అని డాక్టరు మీద ఒత్తిడి పెట్టడమూ తప్పే.

మొదటి రకంలో గడియారం ఇలా నడుస్తుంది. ఈసీజీ చూసి నిర్ధారించిన నిమిషం నుంచి, ల్యాబ్‌లో నాళంలోకి ఎక్కించే సన్నని వైరు అడ్డంకిని దాటే నిమిషం దాకా 120 నిమిషాలు. అంతలోపు అవుతుందంటే నేరుగా యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరిచి స్టంటు వేయడం), అదే మేలు. కాదంటే ముందు ఇంజక్షన్. అది కూడా నిర్ధారణ అయిన అరగంటలోపు పడాలి, యూరప్ వాళ్లయితే 10 నిమిషాలే అంటారు.

ఇప్పుడు మన దారి లెక్క వెయ్యండి. దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాటే. కొల్లాపూర్ నుంచి నూట యాభై పైన. బండి దొరకడం, ఊరు దాటడం, నగరంలో ట్రాఫిక్, క్యాజువాలిటీలో మళ్లీ ఈసీజీ, సంతకాలు, రాత్రయితే ల్యాబ్ టీమ్ ఇళ్ల నుంచి రావడం. రోడ్డు మీద రెండు గంటలు అనుకున్నది వైరు దాటేసరికి మూడున్నర అవుతుంది. గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గర. అక్కడ లెక్క వేరు. జిల్లా హద్దు, రాష్ట్రం హద్దు గుండెకు తెలియదు.

నల్లమల గాలి

> కాదంటే ముందు ఇంజక్షన్

ఇంజక్షన్ చేస్తే మెదడుల రక్తం చిట్లుతదని భయపెడ్తరు గదా? అందుకే చానామంది డాక్టర్లు చెయ్యకుండ పైకి పంపుతున్నరు.

డిండి వాగు

భయం ఉత్తది కాదు. మెదడులో రక్తస్రావం వందలో ఒకరికి అటూ ఇటూగా అవుతుంది. ముసలివాళ్లలో, బక్కపలచని వాళ్లలో, బీపీ ఎక్కువున్న వాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. అందుకే ముందు ప్రశ్నలు అడుగుతారు: ఎప్పుడైనా మెదడులో రక్తం చిట్లిందా, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, ఆపరేషన్ అయిందా, మలంలో నల్లగా పోతోందా. బీపీ 180/110 దాటి దిగకపోతే ఇవ్వరు. ఇంటివాళ్లు ఇక్కడ నిజం దాచొద్దు. ఆరు నెలల కింద మూతి వంకరపోయి తగ్గిందన్న సంగతి చెప్పకపోతే అది ప్రాణం మీదికి వస్తుంది.

గడ్డ కరిగించే మందుల్లో టెనెక్టెప్లేజ్ అయితే బరువును బట్టి ఒక్కసారే నరంలోకి: 60 కిలోల లోపు 30 ఎంజీ, అక్కడి నుంచి ప్రతి 10 కిలోలకు 5 ఎంజీ పెంచుతూ 90 దాటితే 50. వయసు 75 దాటితే సగం. స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు, 30 నుంచి 60 నిమిషాల డ్రిప్‌లో. మధ్యలో బీపీ పడిపోవచ్చు, అప్పుడు డ్రిప్ నెమ్మది చేస్తారు. స్ట్రెప్టోకైనేజ్ ఒకసారి పడినవాళ్లకు మళ్లీ అదే వెయ్యరు, ఒంట్లో దానికి విరుగుడు తయారై ఉంటుంది. ఆ చీటీ జాగ్రత్త.

ఎక్కువ గుండె కండను మిగిల్చేది మొదటి రెండు, మూడు గంటల్లో పడిన మందే. 12 గంటలు దాటితే ఇంజక్షన్‌తో పెద్దగా ఒరిగేది లేదు.

ఇంకో తప్పు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంజక్షన్ చేశాక నొప్పి తగ్గింది కదా అని అక్కడే మూడు రోజులు పడుకోవడం. ఇంజక్షన్ గడ్డను కరిగిస్తుంది, కింద ఉన్న కొవ్వు పుండు అలాగే ఉంటుంది. మందు పడుతుండగానే బండికి ఫోన్ చెయ్యాలి. 60 నుంచి 90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీసి, లేచిన ఎస్‌టీ సగమైనా దిగకపోతే అది ఫెయిలయినట్టు, వెంటనే ల్యాబ్‌కు పోవాలి. దిగినా సరే, 2 నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ అయిపోవాలి. అంటే ఇంజక్షనా స్టంటా అన్న ప్రశ్నే సరికాదు. మన దూరాలకు రెండూ కావాలి, వరుస ముఖ్యం.

సైరన్ ఒకటి సున్నా ఎనిమిది

బండి వైపు నుంచి నాలుగు ముక్కలు.

పిర్రకు సూది వద్దు. ఊర్లో ఛాతీ నొప్పి అనగానే "గ్యాస్" అని ఒక సూది, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంకో సూది వేస్తారు. తర్వాత గడ్డ కరిగించే మందు పడితే ఆ కండలో రక్తం కారి పిర్ర గుమ్మడికాయ అవుతుంది. గుండె నొప్పి అనుమానం ఉన్నప్పుడు ఏ మందైనా నోట్లో, లేదా నరంలో.

ఆస్పిరిన్ 300 లేదా 325 ఎంజీ, నమిలి మింగాలి. నీళ్లతో గుటుక్కున మింగితే పనిచెయ్యడానికి ఆలస్యం. పైపూత ఉన్న బిళ్ల అయితే మరీ నమలాల్సిందే. ఆస్పిరిన్ పడని ఆస్తమా వాళ్లకు, రక్తం కక్కుతున్న వాళ్లకు వద్దు.

నాలుక కింద సార్బిట్రేట్ (నాళాలను వదులు చేసే బిళ్ల) బీపీ చూడకుండా పెట్టొద్దు. పై బీపీ 90 లోపు ఉంటే, గుండె కుడి గదికి దెబ్బ తగిలి ఉంటే, మగతనం బిళ్లలు గత రెండు రోజుల్లో వేసుకుని ఉంటే ఒక్కసారిగా పడిపోతారు. ఆఖరిది ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఇంటివాళ్లను పక్కకు పంపి అడగాలి.

సెలైన్ క్యాన్యులా ఎడమ ముంజేతికి పెట్టండి. కుడి మణికట్టు వదిలెయ్యండి. ల్యాబ్‌లో దారి అదే.

ల్యాబ్ లైటు

పైన అన్న "కుడి మణికట్టు వదిలెయ్యండి"కి దండం. సగం కేసులు ఆ మణికట్టు మీద రెండు మూడు పోట్లతో కమిలిపోయి వస్తాయి.

లోపల ఏం జరుగుతుందో చెప్తా. మణికట్టు నాళంలో 6 ఫ్రెంచ్ సైజు షీత్ (గొట్టం లాంటి తొడుగు) పెడతారు, అంటే సుమారు 2 మిల్లీమీటర్ల దారి. నాళం బిగుసుకోకుండా నైట్రోగ్లిజరిన్, వెరపమిల్ లాంటి మందు ఎక్కిస్తారు. హెపారిన్ కిలోకు 70 నుంచి 100 యూనిట్లు. అది సరిపోయిందా లేదా అన్నది ఏసీటీ (రక్తం గడ్డకట్టే సమయం) పరీక్షతో చూస్తారు, 250 సెకన్లు దాటాలి. తర్వాత గైడ్ గొట్టాన్ని గుండె నాళం మూతి దగ్గర కూర్చోబెట్టి, 0.014 అంగుళం వైరును అడ్డంకి దాటిస్తారు. తల వెంట్రుకకు మూడు నాలుగింతలు ఉంటుందంతే. సగం నైపుణ్యం ఈ వైరు దగ్గరే. వైరు నాళం గోడ పొరల మధ్యకు దూరిందా, మొత్తం కథ మారిపోతుంది.

వైరు మీద చిన్న బెలూన్, 2 లేదా 2.5 మిల్లీమీటర్లది, తోసి ఉబ్బిస్తారు. ఉబ్బించేది గాలితో కాదు. కాంట్రాస్ట్ మందు, సెలైన్ సగం సగం కలిపి, ఒత్తిడి గడియారం ఉన్న ఇండిఫ్లేటర్‌తో ఎక్కిస్తారు. కారణం రెండు: ఎక్స్‌రేలో బెలూన్ కనబడాలి, పగిలితే నాళంలోకి గాలి పోకూడదు. దారి అయ్యాక స్టంటు. అది ఇంకో బెలూన్ మీద ముడుచుకుని వస్తుంది. ఎల్‌ఏడీకి (గుండె ముందువైపు పెద్ద నాళం) 3 మిల్లీమీటర్ల వెడల్పు, 28 పొడవు అలా. 10 నుంచి 14 అట్మాస్ఫియర్ల దగ్గర విచ్చుకుంటుంది. కారు టైరులో ఉండేది 2 చిల్లర, పోల్చుకోండి.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చూసేవాళ్లు. కాదు. గట్టి బెలూన్, నాన్ కంప్లయింట్ అంటాం, దాంతో 16 నుంచి 20 అట్మాస్ఫియర్ల దాకా మళ్లీ ఒత్తాలి. స్టంటు గోడకు పూర్తిగా ఆనకపోతే, ఆ సందులో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. స్టంటు మూసుకుపోయిన కేసుల్లో తరచూ కనబడేవి ఇవే: స్టంటు సరిగా విచ్చుకోలేదు, నాళం కంటే చిన్న సైజు వేశారు, లేదా ఇంటికి పోయి బిళ్లలు ఆపేశారు. నాళం లోపల అల్ట్రాసౌండ్ లేదా ఓసీటీ (కాంతితో తీసే బొమ్మ) పెట్టి చూస్తే మొదటి రెండూ బయటపడతాయి. పొడుగు స్టంటు, లెఫ్ట్ మెయిన్ (ఎడమవైపు మొదలు నాళం), రెండు కొమ్మలు చీలే చోటు అయితే అది పెట్టారా అని అడగడం మీ హక్కు.

సున్నంలా గట్టిపడ్డ నాళమైతే బెలూన్ ఒత్తిడికి లొంగదు. బలవంతంగా స్టంటు దింపితే మధ్యలో నడుము కట్టినట్టు ఉండిపోతుంది, ఇక దాన్ని విప్పడం చాలా కష్టం. అందుకే ముందే రోటా డ్రిల్లుతో గీకడమో, షాక్ తరంగాల బెలూన్‌తో సున్నాన్ని పగలగొట్టడమో చేస్తారు. వాటి ఖర్చు వేరు.

పానగల్లు

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎముకల రోగం ఉన్న పెద్దవాళ్లకు ఇది ఎట్ల చేస్తరు? నడుము వంగదు, చెయ్యి చాపదు.

ల్యాబ్ లైటు

మంచి ప్రశ్న. గజ్జల నుంచి చేస్తే తర్వాత 4 నుంచి 6 గంటలు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. వెన్ను బిగిసినవాళ్లకు అది నరకం. కదిలితే రక్తం కారుతుంది. కాబట్టి మణికట్టే మేలు. మోచేయి పూర్తిగా రాకపోయినా చాలాసార్లు దిండ్లు పెట్టి సర్దుతారు. లేకపోతే ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టి, బొటనవేలి మొదట్లో ఉండే గుంట దగ్గర నుంచి పోతారు. ఈ ఇబ్బంది బల్ల మీద పడుకోబెట్టాక కాదు, ముందురోజే చెప్పాలి. ఫ్లోరైడ్ ఉన్నచోట కిడ్నీ కూడా ఒకసారి చూసుకోండి.

వార్డు సిస్టర్

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి. మామూలు కేసులో కాంట్రాస్ట్ 100 నుంచి 150 ఎంఎల్ పడుతుంది. క్రియాటినిన్ ఒక్కటి చూసి "1.3 ఏ గదా" అనొద్దు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత శక్తి) లెక్క కట్టించండి. వాడే కాంట్రాస్ట్ ఎంఎల్‌లు ఆ ఈజీఎఫ్ఆర్ అంకెకు మూడింతలు దాటకుండా చూస్తారు. 40 ఉంటే 120 లోపు. ముందూ తర్వాతా సెలైన్ గంటకు కిలోకు 1 ఎంఎల్, గుండె పంపింగ్ తక్కువుంటే సగమే, లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎండాకాలం పొలం నుంచి నేరుగా వచ్చిన మనిషి ఒంట్లో నీళ్లే ఉండవు, అది డాక్టరుకు చెప్పండి. ప్లాన్ చేసిన కేసుల్లో షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కిడ్నీని బట్టి, అడిగి రాయించుకోండి. క్రియాటినిన్ పెరగడం రెండు, మూడు రోజులకు బయటపడుతుంది, అప్పటికి డిశ్చార్జ్ అయిపోయి ఉంటారు. అనుమానం ఉన్నవాళ్లు ఊరికొచ్చాక మూడో రోజు ఒకసారి చేయించుకోవాలి.

మణికట్టు పట్టీ: గాలి నింపిన బ్యాండ్ రెండు గంటల తర్వాత కొద్దికొద్దిగా, ఒక్కోసారి 2, 3 ఎంఎల్ తీస్తాం. రక్తం చిమ్మితే అదే గాలి మళ్లీ ఎక్కిస్తాం. గాలి తీయించుకోకముందే అటెండర్లు తొందరపడి బ్యాండ్ లాగేస్తే తర్వాత మొత్తం దుప్పటి మార్చాలి. ముంజేయి రాయిలా గట్టిపడి, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కితే "అదే తగ్గుతుంది" అనుకోవద్దు, వెంటనే పిలవండి. గజ్జల నుంచి చేసినవాళ్లకు నడుము ఒకవైపు నొప్పి, చెమట, నాడి వేగం, బీపీ తగ్గడం కలిసి వస్తే కడుపు వెనక రక్తం కారుతోందేమోనని చూడాలి. పైకి వాపు కనబడకపోవచ్చు.

నల్లమల గాలి

సరే, పోటు వచ్చినోళ్ల సంగతి అర్థమయింది. నడిస్తే ఆయాసం అని పోతే యాంజియో తీసి "80 శాతం బ్లాక్, ఇయ్యాలనే వెయ్యాలె, బల్ల మీదనే ఉన్నడు, సంతకం పెట్టుండ్రి" అంటరు. గది దోపిడా, వైద్యమా?

డిండి వాగు

రెండూ కావచ్చు. నొప్పి కొంతకాలంగా ఒకే తీరుగా ఉంటే, అంటే నడిస్తేనే వచ్చి ఆగితే తగ్గేదైతే, తొందర లేదు. 5,179 మందితో ఇస్కీమియా అనే పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2019లో వచ్చాయి. ముందే యాంజియో, స్టంటు లేదా బైపాస్ చేసినవాళ్లకూ, మందులతో మొదలుపెట్టినవాళ్లకూ చావులో, గుండెపోటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో తేడా వచ్చింది. అందువల్ల మందులు సరిగా వాడినా నొప్పి పనికి అడ్డం వస్తుంటే స్టంటు వేయించుకోవడంలో తప్పేమీ లేదు. లెఫ్ట్ మెయిన్ నాళం సన్నబడితే, గుండె పంపింగ్ బాగా పడిపోతే ఈ మాట వర్తించదు.

"80 శాతం" అనేది కంటితో వేసే అంచనా. 40 నుంచి 70 మధ్య ఉన్నదానికి ఎఫ్ఎఫ్ఆర్ అనే ఒత్తిడి కొలత ఉంది. 0.80 లేదా అంతకంటే తక్కువైతే ఆ అడ్డంకి నిజంగా రక్తం ఆపుతోందని. అంతకంటే ఎక్కువైతే వదిలెయ్యడమే మేలు.

ఇంకోటి. షుగర్ ఉండి మూడు నాళాలూ పాడైతే, స్టంట్ల కంటే బైపాస్‌తో ఎక్కువమంది బతుకుతారని 2012లోనే ఫ్రీడమ్ పరీక్షలో తేలింది. మన దగ్గర షుగర్ ఎంతుందో తెలుసు కదా. అలాంటి మనిషిని బల్ల మీదే ఉంచి మూడు స్టంట్లకు సంతకం అడిగితే, "యాంజియో సీడీ ఇవ్వండి, సర్జన్‌కు చూపించి వస్తాం" అనండి. పోటు వచ్చి మూసుకుపోయిన నాళం సంగతి వేరు, అది అప్పుడే తెరవాలి. మిగతా నాళాలకు కొన్ని రోజులు, కొన్ని వారాలు ఆగొచ్చు.

ల్యాబ్ లైటు

డిండి వాగు సార్‌తో కొంచెం తేడా. "నడిస్తేనే వస్తుంది" అని చెప్పేవాళ్లలో కొందరికి వారం కింద మెట్లెక్కితే వచ్చింది ఇప్పుడు స్నానం చేస్తుంటేనే వస్తుంటుంది. అది నిలకడ నొప్పి కాదు, ఎదుగుతున్న నొప్పి. వాళ్లను సీడీ పట్టుకుని తిరగమంటే దారిలో పడిపోతారు.

డిండి వాగు

ఒప్పుకుంటున్నా. రెండు వారాల్లో నొప్పి తీరు మారిందా అన్న ప్రశ్నే ముందు అడగాలి.

కోయిల్‌సాగర్

పైసల సంగతి ఎవరన్నా చెప్తరా? స్టంటుకు ఇంత, దవాఖానకు ఇంత అని తలాతోకా లేకుండ చెప్తరు.

పానగల్లు

మందు పూత స్టంటు గరిష్ఠ ధర 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయలకు కట్టేసింది, అంతకుముందు లక్ష దాటి పలికేది. తర్వాత ఆ ధర మారుతూ వచ్చింది. బిల్లులో స్టంటు పేరు, ధర విడిగా రాయాలి, గుండుగుత్త ప్యాకేజీ అని దాచకూడదు. ఆరోగ్యశ్రీ తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా అయింది. చేరగానే ఆరోగ్యమిత్ర దగ్గర రేషన్ కార్డు, ఆధార్ పెట్టి ముందస్తు అనుమతి తీయించాలి. అత్యవసరంలో ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. "ముందు కట్టండి, తర్వాత చూద్దాం" అంటే కట్టకముందే ఆరోగ్యమిత్రను పిలవండి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ మూడింట్లో ల్యాబ్ ఉంది.

స్టంటు కార్డు ఇంటికి తెచ్చుకోవాలి. స్టంటు పేరు, సైజు, లాట్ నంబరు స్టిక్కర్ మీద ఉంటాయి. రేపు ఎమ్మారై తీయాలంటే ముందు అడిగేది దాన్నే. ఇప్పటి స్టంట్లకు ఎమ్మారై భయం లేదు, అయినా కార్డు లేకపోతే స్కాన్ సెంటర్‌లో వెనక్కి పంపుతారు.

మందుల చీటీ

అసలు గండం ఇంటికి వచ్చాక. స్టంటు అనేది ఒంట్లో పెట్టిన లోహం, దాని మీద నాళం పొర అల్లుకునేదాకా రక్తం దాన్ని పరాయిదిగానే చూస్తుంది. అందుకే రెండు రకాల బిళ్లలు: ఆస్పిరిన్ 75, దాంతోపాటు క్లోపిడోగ్రెల్ 75 గానీ, టికాగ్రెలర్ 90 రెండు పూటలా గానీ, ప్రాసుగ్రెల్ 10 గానీ. పోటు వచ్చి వేసిన స్టంటుకు మామూలుగా 12 నెలలు, నిలకడ నొప్పికి వేసినదానికి 6 నెలలు. రక్తస్రావం ముప్పున్నవాళ్లకు డాక్టర్ ఇంకా తగ్గిస్తారు. ఆ తర్వాత ఒక్క బిళ్ల జీవితాంతం. పక్షవాతం వచ్చినవాళ్లకు ప్రాసుగ్రెల్ వద్దు.

షాపులో రోజూ కనబడేవి: క్లోపిడోగ్రెల్ రాసి, పక్కనే గ్యాస్‌కు ఒమెప్రజోల్. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ రెండూ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. పాంటోప్రజోల్ అడగండి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని వాడేవాళ్లు ఇంకో రకం. వీటితో కడుపులో పుండు పడి రక్తం కారుతుంది, ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనిని కూడా అడ్డుకుంటుంది. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. టికాగ్రెలర్ కొందరికి కూర్చున్నా ఊపిరాడనట్టు చేస్తుంది. గుండె చెడిందని భయపడి అదే మానేస్తారు. మానొద్దు, డాక్టరుకు చెబితే మారుస్తారు.

పన్ను పీకాలంటే బిళ్లలు ఆపమనే డెంటిస్టులు ఇంకా ఉన్నారు. ఒకటి రెండు పళ్లకు ఆపక్కర్లేదు, ట్రానెక్సామిక్ యాసిడ్‌తో తడిపిన గాజుగుడ్డ కొరికి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. మొదటి నెలలో రెండు బిళ్లలూ ఆపితే మూసుకుపోయే స్టంటు ప్రాణం తీస్తుంది.

కొవ్వు బిళ్ల, అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80, "ఎల్‌డీఎల్ (చెడ్డ కొవ్వు) మామూలుకొచ్చింది" అని మానేస్తారు. మామూలుకు వచ్చింది బిళ్ల వల్లే. 4 నుంచి 6 వారాలకు పరీక్ష, ఎల్‌డీఎల్ 70 లోపు, వీలైతే 55 లోపు.

నల్లమల గాలి

పత్తి చేన్ల మందు కొట్టే ట్యాంకు 16 లీటర్లది వీపున ఎప్పటి నుంచి మొయ్యొచ్చు?

వార్డు సిస్టర్

మణికట్టు నుంచి చేస్తే ఒక వారం ఆ చేత్తో బిందె కూడా ఎత్తొద్దు. ప్లాన్ చేసిన కేసు అయితే వారం తర్వాత తేలిక పని. పోటు వచ్చినవాళ్లకు నడక మొదటి వారం నుంచే, బరువు పని నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, ఎకోలో (గుండె స్కాన్) పంపింగ్ చూపించుకున్నాకే. నిండు ట్యాంకు వీపున మోస్తూ బురదలో నడవడం చిన్న పని కాదు. వడ్ల బస్తా ఊపిరి బిగబట్టి లేపడం అంతకంటే చెడ్డది. సగం నింపుకుని మొదలుపెట్టమనండి, ఎండ ఎక్కకముందు. బీడీ తాగుతూ ట్యాంకు తగ్గించాను అంటే లెక్కలోకి రాదు.

కోయిల్‌సాగర్

ఒకటే మిగిలింది. టికాగ్రెలర్ పొద్దుటిది మర్చిపోతే, రాత్రి రెండు కలిపి వేసుకోవచ్చా?

మందుల చీటీ

వద్దు. రాత్రిది రాత్రి టైముకే, ఒక్కటే. నెలలో నాలుగైదుసార్లు మర్చిపోతున్నట్టయితే రోజుకు ఒకసారి వేసుకునే మందుకు మార్చమని డాక్టర్‌ను అడగండి. బిళ్ల అయిపోయాక కాదు, ఇంకా వారం పది రోజులు ఉండగానే షాపుకు రండి. అచ్చంపేటలో దొరకని బ్రాండు రాశారంటే అదే మందు ఇంకో కంపెనీది ఇస్తారు, దానికి భయపడి ఖాళీగా ఉండొద్దు.